రిపోర్టుల్లో నంబర్లు ఎలా కనిపించాలి: ఆఫీసులో అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ఎంఐఎస్ రిపోర్టులు, అంటే మేనేజర్లకి వెళ్ళే లెక్కల రిపోర్టులు చేసేవాళ్ళకి ఒక విషయం బాగా అనుభవం. నాలుగు రోజులు కూర్చుని డేటా అంతా తెచ్చి, ఫార్ములాలు పెట్టి, సరిచూసి పంపిస్తే మేనేజర్ గారు చూసే మొదటి సంగతి "ఇదేంటి కామా ఇక్కడ పడింది" అని. అప్పుడు కోపం వస్తుంది గానీ, నిజానికి ఆయన అడిగింది తప్పేమీ కాదు, నంబర్ చదవలేకపోతే ఇక రిపోర్ట్ ఎందుకు. కొత్తగా చేరినవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేవి, నేను కూడా ఒకప్పుడు వేరేవాళ్ళని అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నా. ఎక్కువగా ఎక్సెల్ గురించే ఉంటుంది, మధ్యలో గూగుల్ షీట్స్, డాష్‌బోర్డులు చేసే పవర్ బీఐ, అకౌంట్లు రాసే ట్యాలీ కూడా వస్తాయి.

సెల్‌లో 12.35 కనిపిస్తోంది, పైన ఫార్ములా బార్‌లో మాత్రం 1234567 ఉంది. ఏది నమ్మాలి?

ఫార్ములా బార్‌నే నమ్మండి. సెల్‌లో కనబడేది వేషం మాత్రమే. పెళ్ళికొడుక్కి పట్టుపంచె కట్టినా, తెల్లారి లుంగీ కట్టినా మనిషి ఒకడే కదా, అలాగన్నమాట. ఫార్మాట్ మారిస్తే లోపల విలువ మారదు, కూడికలూ తీసివేతలూ అన్నీ ఆ లోపలి విలువతోనే జరుగుతాయి. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే కింద ఉన్న సగం ప్రశ్నలకి జవాబు మీకే తెలిసిపోతుంది. ఫార్మాట్ మార్చడానికి కంట్రోల్ పట్టుకుని 1 నొక్కండి, ఫార్మాట్ సెల్స్ బాక్స్ వస్తుంది, అందులో కస్టమ్ అనే దాంట్లోనే మన పనంతా.

కామాలు 1,234,567 అని పడుతున్నాయి. మనవాళ్ళకి 12,34,567 కావాలి. ఎలా?

ఇదే అన్నిటికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న. రెండు దారులున్నాయి, రెంటికీ ఒక్కో తిరకాసు ఉంది.

మొదటిది విండోస్‌లోనే మార్చుకోవడం. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్‌కి వెళ్ళి, అడిషనల్ సెట్టింగ్స్ నొక్కితే డిజిట్ గ్రూపింగ్ అని ఉంటుంది, అక్కడ 12,34,56,789 అని ఉన్నది ఎంచుకోండి. లేదా రీజియన్ ఫార్మాట్‌నే ఇంగ్లిష్ ఇండియా పెట్టేసుకోండి. ఇక ఎక్సెల్‌లో మామూలు కామా బటన్ నొక్కినా మన పద్ధతిలోనే పడతాయి, మైనస్ నంబర్లకి కూడా. తిరకాసు ఏంటంటే ఇది మీ కంప్యూటర్‌కి మాత్రమే, ఫైల్‌తో పాటు వెళ్ళదు. మీరు ముచ్చటగా చేసి పంపిన షీట్‌ని అమెరికాలో ఉన్న క్లయింట్ తెరిస్తే ఆయనకి మిలియన్ల కామాలే కనిపిస్తాయి, అది చూసి ఆయన ఏమీ అనుకోడు. కానీ మీ పక్క సీటు అమ్మాయి లాప్‌టాప్‌లో అదే ఫైల్ వేరేగా కనిపించినప్పుడు మాత్రం "నా ఫైల్ ఎవరు మార్చారు" అని గొడవ మొదలవుతుంది, మా టీంలో ఒకసారి నిజంగానే అయింది.

రెండోది కస్టమ్ కోడ్. ఇది ఫైల్‌తో పాటే వెళ్తుంది:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ విషయం చిన్నదే. కోటి దాటితే మొదటి ముక్క, లక్ష దాటితే రెండోది, అంతకంటే తక్కువైతే మూడోది. కామా ముందున్న వెనక్కి వాలిన గీత "ఈ కామాని ఉన్నదున్నట్టు పెట్టు" అని చెప్పడానికి. పైసలు కూడా కావాలంటే మూడు ముక్కల చివరా .00 కలపండి.

దీని తిరకాసు మైనస్ నంబర్లు. ఎక్సెల్ ఒక కోడ్‌లో రెండే షరతులు ఒప్పుకుంటుంది, అవి రెండూ కోటికీ లక్షకీ అయిపోయాయి, కాబట్టి నష్టం పన్నెండు లక్షలైతే అది మూడో ముక్కలో పడి -1,234,567 అని వస్తుంది. లాభాలు మన పద్ధతిలో, నష్టాలు మాత్రం ఫారిన్ పద్ధతిలో! నష్టాలు కూడా వచ్చే షీట్ అయితే నేను సెట్టింగ్ మార్చే దారే పడతాను, లేదా అసలు మొత్తాన్నీ లక్షల్లో చూపించేస్తాను, అప్పుడు కామాల గొడవే చాలావరకు ఉండదు.

గూగుల్ షీట్స్‌లో అయితే హాయి. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్ళి లొకేల్ ఇండియా పెడితే చాలు, అది షీట్‌కి అంటుకుని ఉంటుంది, ఎవరు తెరిచినా అలాగే కనిపిస్తుంది.

లక్షల్లో చూపించాలంటే ప్రతి నంబర్‌నీ లక్షతో భాగించాలా?

అవసరం లేదు, దయచేసి ఆ పని చెయ్యకండి. భాగించిన షీట్ తీసుకుని ఇంకెవరో మళ్ళీ భాగిస్తారు, నేను చూశాను.

ఎక్సెల్ కోడ్‌లో అంకెల చివర ఒక కామా పెడితే వెయ్యితో భాగించి చూపిస్తుంది, రెండు కామాలైతే పది లక్షలతో, అంటే మిలియన్. ఇది వాళ్ళ లెక్కకి సరిపోతుంది, మన లక్షకి సరిపోదు, ఎందుకంటే లక్ష అంటే వెయ్యి తర్వాత ఇంకో వంద. దీనికి ఎవరో తెలివైనవాళ్ళు ఒక చిట్కా కనిపెట్టారు:

0\.00," లక్షలు"

ఇక్కడ కామా వెయ్యితో భాగిస్తుంది, 1234567 కాస్తా 1235 అవుతుంది. తర్వాత చివరి రెండంకెల ముందు ఒక చుక్కని ఊరికే బొమ్మలాగా పెడతాం. 12.35 లక్షలు అని కనిపిస్తుంది. చుక్క నిజం చుక్క కాదు, అయినా జవాబు కరెక్టే. లోపల 1234567 అలాగే భద్రంగా ఉంటుంది.

కోట్లకి ఇలా:

0\.0,," కోట్లు"

దీంట్లో ఒక్క డెసిమలే వస్తుంది, ఎందుకంటే రెండు కామాలకి పది లక్షలు పోయాక మిగిలేది పదే. 123456789 అయితే 12.3 కోట్లు. రెండు డెసిమల్స్ కావాలి అని మొండికేస్తే మాత్రం పక్కన వేరే కాలమ్ పెట్టి కోటితో భాగించుకోవాలి, అప్పుడు కాలమ్ పేరులోనే "కోట్లలో" అని రాయండి.

ట్యాలీ వాడేవాళ్ళకి ఈ తిప్పలు లేవు, రిపోర్ట్‌లో ఉండగా ఎఫ్12 నొక్కితే స్కేల్ ఫ్యాక్టర్ అని ఉంటుంది, లక్షలో కోట్లో ఎంచుకుంటే అదే చూపిస్తుంది.

లక్షలు, కోట్లు వాడాలా? మిలియన్లు వాడాలా?

చదివేవాళ్ళు ఎవరో అడగండి, అంతే. విజయవాడలో ఉన్న డీలర్‌కి పంపే స్టేట్‌మెంట్‌లో మిలియన్ అని రాస్తే ఆయన ఫోన్ చేసి "అంటే ఎంతండి" అని అడుగుతాడు. సింగపూర్ హెడ్డాఫీసుకి లక్షలు అని పంపితే వాళ్ళూ అదే అడుగుతారు.

మార్చుకోవడానికి మూడు గుర్తుంటే చాలు: 10 లక్షలు ఒక మిలియన్, 100 కోట్లు ఒక బిలియన్, లక్ష కోట్లు ఒక ట్రిలియన్. తెలంగాణ 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు, పేపర్‌లో 3.05 లక్షల కోట్లు అని వేస్తారు, అదే విదేశీ రిపోర్ట్‌లో 3.05 ట్రిలియన్ రూపాయలు అవుతుంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3,22,359 కోట్లు, అంటే 3.22 ట్రిలియన్. అంకెలు అవే ఉంటాయి, పేరు మాత్రమే మారుతుంది, అందుకే లక్ష కోట్ల దగ్గర మార్చడం సుళువు. ఇబ్బందంతా మధ్యలో, మిలియన్ దగ్గర, చుక్క ఒక స్థానం అటూ ఇటూ అయిపోతుంది.

నేను పనిచేసిన ఒక చోట ఇన్వెస్టర్ల కోసం చేసిన షీట్‌లో ఒక కాలమ్ లక్షల్లో, పక్క కాలమ్ మిలియన్లలో ఉండిపోయింది, రెండిటికీ పైన హెడ్డింగ్ "అమౌంట్" అనే ఉంది. చేసింది నేనే. మీటింగ్‌లో ఒకాయన "ఖర్చు ఆదాయం కంటే పది రెట్లు ఎలా ఉంది" అని అడిగేదాకా ఎవరికీ తెలీలేదు. అప్పటినుంచి యూనిట్ ఏంటో ప్రతి కాలమ్ హెడ్డింగ్‌లోనూ రాస్తాను, టైటిల్ కింద ఒక్కసారి రాసి వదిలెయ్యను, ఎందుకంటే జనం స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టేటప్పుడు టైటిల్ కత్తిరించేస్తారు.

ఆడిట్‌కి వెళ్ళే ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్‌కి కూడా మన ఇష్టమేనా?

కాదు. కంపెనీల చట్టం 2013లో షెడ్యూల్ 3 అని ఉంది. దాని ప్రకారం మొత్తం ఆదాయం 100 కోట్ల లోపు ఉంటే వందలు, వేలు, లక్షలు, మిలియన్లు, వీటిలో దేనికైనా రౌండ్ చెయ్యొచ్చు. 100 కోట్లు, ఆ పైన ఉంటే లక్షలు, మిలియన్లు, కోట్లు. ఇంతకుముందు ఇది "చెయ్యొచ్చు" అని ఉండేది, 2021 మార్చిలో సవరించి "చెయ్యాలి" అని మార్చారు, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకసారి ఒక యూనిట్ పెట్టుకుంటే స్టేట్‌మెంట్స్ మొత్తం అదే ఉండాలి, బ్యాలెన్స్ షీట్ లక్షల్లో నోట్స్ వేలల్లో అంటే కుదరదు. మీ ఆడిటర్ గారు చెప్తారు లెండి, కానీ ఆయన చెప్పేదాకా ఆగితే రాత్రి పదకొండింటికి మార్చాల్సి వస్తుంది.

పైనవన్నీ కూడితే 25 వస్తోంది, కింద టోటల్ 26 అని ఉంది. నా ఫార్ములా తప్పా?

ఫార్ములా కరెక్టే, కళ్ళే మోసపోతున్నాయి. విజయవాడ 12.4 లక్షలు, గుంటూరు 8.4, నెల్లూరు 5.4 అనుకోండి. డెసిమల్స్ తీసేసి చూపిస్తే 12, 8, 5. కంటితో కూడితే 25. కానీ అసలు మొత్తం 26.2, అది 26 అని కనిపిస్తుంది. ఎక్సెల్ నిజం చెప్తోంది, మనమే దాని నోట్లో గుడ్డ కుక్కి సగం నిజం చెప్పించాం.

దీనికి ఏం చెయ్యాలి అంటే, చాలామంది ముందు చేసే పని టోటల్ దగ్గర చేత్తో 25 అని కొట్టెయ్యడం. అస్సలు వద్దు. వచ్చే నెల ఆ సెల్ అలాగే ఉండిపోతుంది, డేటా మారినా టోటల్ మారదు, ఆ తప్పు దొరకడానికి ఆర్నెల్లు పడుతుంది.

రెండో తప్పు ఎక్సెల్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉండే "సెట్ ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్" అనే దానికి టిక్ పెట్టడం. పెట్టగానే టోటల్ సరిపోతుంది, చాలా సంతోషం వేస్తుంది, కానీ అది కనిపించే నంబర్‌నే అసలు నంబర్‌గా మార్చేస్తుంది, లోపలున్న డెసిమల్స్ పోతాయి, తర్వాత టిక్ తీసినా తిరిగి రావు. వేషం గురించి మొదట చెప్పాను చూడండి, ఇక్కడ మాత్రం వేషమే మనిషైపోతుంది.

సరైన దారులు మూడు. ఒకటి, ఇంకో డెసిమల్ చూపించడం, చాలాసార్లు దాంతోనే గొడవ తీరుతుంది. రెండు, కింద చిన్న అక్షరాలతో "రౌండింగ్ వల్ల మొత్తాలు సరిపోకపోవచ్చు" అని రాయడం, పెద్ద పెద్ద సంస్థల రిపోర్టుల్లో కూడా ఈ లైన్ ఉంటుంది, సిగ్గుపడక్కర్లేదు. మూడు, ఇన్‌వాయిస్ లాంటి వాటిల్లో, అంటే డబ్బు నిజంగా చేతులు మారే చోట, ప్రతి లైన్ దగ్గరా రౌండ్ ఫంక్షన్ పెట్టి నిజంగానే రౌండ్ చేసి తర్వాత కూడటం. జీఎస్టీ చట్టం 2017లో 170వ సెక్షన్ పన్నుని దగ్గర రూపాయికి రౌండ్ చెయ్యమంటుంది, 50 పైసలు ఆ పైన ఉంటే పై రూపాయి, తక్కువైతే వదిలెయ్యడం. అలాంటి చోట ఊరికే డెసిమల్స్ దాచేస్తే సరిపోదు, విలువే మారాలి.

ఎక్సెల్‌లో 2.5 రౌండ్ చేస్తే 3 వచ్చింది, పైథాన్‌లో 2 వచ్చింది. ఏది చెడిపోయింది?

ఏదీ చెడిపోలేదు. సరిగ్గా సగం వచ్చినప్పుడు ఎక్సెల్ రౌండ్ ఫంక్షన్ పైకి తోస్తుంది, మైనస్ అయితే సున్నాకి దూరంగా తోస్తుంది, మనం స్కూల్లో నేర్చుకున్నట్టే. పైథాన్ మాత్రం దగ్గరున్న సరి సంఖ్యకి తీసుకెళ్తుంది, అందుకే 2.5కి 2, 3.5కి 4. దీన్నే బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు, ఎప్పుడూ పైకే తోస్తూ పోతే మొత్తం కొంచెం కొంచెంగా పెరిగిపోతుంది కదా, అది ఆపడానికి. తమాషా ఏంటంటే ఎక్సెల్ లోపలే ఉండే మాక్రోల భాష, బయటి డేటా తెచ్చి సర్దే పవర్ క్వెరీ కూడా ఊరికే వదిలేస్తే ఈ రెండో పద్ధతే పాటిస్తాయి. కాబట్టి షీట్‌లో ఒకటి, మాక్రోలో ఒకటి వస్తే కంగారు పడకండి, ఎక్కడ రౌండ్ చేస్తున్నారో ఒక్క చోటే పెట్టుకోండి.

ఎన్ని డెసిమల్స్ చూపించాలి?

నిర్ణయం మారేంత వరకు. అమ్మకాలు 48.3 లక్షలా 48.27 లక్షలా అన్నది తెలిస్తే మేనేజర్ వేరే పని చేస్తాడా? చెయ్యడు, అయితే ఒకటి చాలు. అదే ఒక లీటర్‌కి ఖర్చు, వడ్డీ రేటు, ఎక్స్చేంజ్ రేటు లాంటివైతే రెండో నాలుగో కావాలి. ఒక కాలమ్‌లో మాత్రం అన్నిటికీ ఒకే లెక్క ఉండాలి, 4.5 కింద 12.375 ఉంటే చుక్కలు ఒక వరసలో ఉండవు, కన్ను జారుతుంది. నంబర్లని కుడి వైపుకే జరపండి, మధ్యలో పెట్టకండి, అందంగా ఉంటుందని మధ్యలో పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మైనస్‌ని బ్రాకెట్లో ఎందుకు పెడతారు? సున్నా బదులు గీత ఎందుకు?

అకౌంట్స్ వాళ్ళ అలవాటు అది. చిన్న మైనస్ గీత ప్రింట్‌లో, జిరాక్స్‌లో కనిపించకుండా పోవచ్చు, బ్రాకెట్ అలా పోదు. ఎక్సెల్ కోడ్‌లో సెమీకోలన్లతో నాలుగు గదులుంటాయి, మొదటిది ప్లస్ నంబర్లకి, రెండోది మైనస్‌కి, మూడోది సున్నాకి, నాలుగోది అక్షరాలకి. ఇలా రాయండి:

#,##0_);(#,##0);"-"_)

ఆ అండర్‌స్కోర్ తర్వాత బ్రాకెట్ ఎందుకంటే, ప్లస్ నంబర్ల పక్కన కూడా ఒక బ్రాకెట్ అంత ఖాళీ వదులుతుంది, అప్పుడు అంకెలన్నీ ఒకే నిలువు వరసలో ఉంటాయి. సున్నాలు ఎక్కువున్న షీట్‌లో గీతలు పెడితే అసలు నంబర్లు టక్కున కనిపిస్తాయి. ఎరుపు రంగు ఒక్కదాన్నే నమ్ముకోకండి, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే నష్టాలన్నీ లాభాలైపోతాయి.

5 ఉన్న సెల్‌కి పర్సెంట్ నొక్కితే 500% అయింది?

ఎక్సెల్ దృష్టిలో 1 అంటే నూరు శాతం, కాబట్టి 5 అంటే 500 శాతమే. ముందు సెల్‌కి పర్సెంట్ ఫార్మాట్ పెట్టి తర్వాత 5 కొట్టండి, అప్పుడు 5% అనే తీసుకుంటుంది. ఇప్పటికే కొట్టేసి ఉంటే 100తో భాగించుకోవడమే.

దీంతో పాటే ఇంకో సంగతి, ఇది ఫార్మాట్ కంటే పెద్ద తప్పు. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటుని 6.50 శాతం నుంచి 6.25కి తగ్గించింది. అది 0.25 శాతం పాయింట్లు తగ్గడం, లేదా 25 బేసిస్ పాయింట్లు. "0.25 శాతం తగ్గింది" అని రాస్తే లెక్క ప్రకారం తప్పు, ఎందుకంటే 6.50లో 0.25 అంటే దాదాపు 3.8 శాతం తగ్గినట్టు. మీ మార్జిన్ 10 శాతం నుంచి 12కి పెరిగితే అది 2 పాయింట్లా, 20 శాతమా, రిపోర్ట్‌లో స్పష్టంగా రాయండి. సేల్స్ వాళ్ళు 20 అంటారు, ఫైనాన్స్ వాళ్ళు 2 అంటారు, ఇద్దరూ నిజమే చెప్తారు, మీటింగ్ మాత్రం గంట సాగుతుంది.

పోయినేడాది నష్టం, ఈ ఏడాది లాభం. గ్రోత్ శాతం ఎంత చూపించాలి?

ఏమీ చూపించకండి. నష్టం 2 లక్షల నుంచి లాభం 3 లక్షలకి వస్తే మామూలు ఫార్ములా మైనస్ 250 శాతం అంటుంది, బాగుపడిన కంపెనీని పట్టుకుని. "వర్తించదు" అని పెట్టి పక్కన 5 లక్షల తేడా రాయండి. పాత విలువ సున్నా అయినా అంతే.

ఆధార్ నంబర్లు 1.23E+11 అని వస్తున్నాయి, ఫోన్ నంబర్ ముందు సున్నా పోతోంది?

ఇవి నంబర్లు కావు, పేర్లు. వీటిని ఎవరూ కూడరు, సరాసరి తియ్యరు. కూడనిదాన్ని టెక్స్ట్‌గా పెట్టడమే మంచిది. మామూలుగా వదిలేస్తే 11 అంకెలు దాటగానే ఎక్సెల్ ఆ E+ రూపంలోకి మార్చేస్తుంది. 12 అంకెల ఆధార్ అయితే ఫార్మాట్ మారిస్తే తిరిగి వస్తుంది, 0000 0000 0000 అని కోడ్ పెడితే కార్డు మీద ఉన్నట్టే నాలుగేసి అంకెలుగా కనిపిస్తుంది.

అసలు ప్రమాదం 15 అంకెలు దాటినప్పుడు. ఎక్సెల్ నంబర్‌లో 15 అంకెలే నిలుస్తాయి, 16వది సున్నా అయిపోతుంది, అది ఏ ఫార్మాట్ మార్చినా తిరిగి రాదు. ఏటీఎం కార్డు నంబర్లు 16 అంకెలు ఉంటాయి కదా, అందరి కార్డులూ సున్నాతో ముగిశాయేంటి అనుకుంటే సంగతి ఇదే. కొట్టే ముందే సెల్‌ని టెక్స్ట్ చెయ్యండి, లేదా ముందు ఒక సింగిల్ కోట్ కొట్టండి. సీఎస్‌వీ ఫైల్‌ని (కాలమ్స్‌ని కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) మాత్రం డబుల్ క్లిక్ చేసి తెరవకండి, తెరిచి సేవ్ చేశారా ముందున్న సున్నాలు, చివరి అంకెలు అన్నీ పోయినట్టే. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ అనే దారిలో తెచ్చి ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పండి.

అన్నట్టు రిపోర్ట్‌లో పూర్తి ఆధార్ నంబర్ ఎందుకండి? చివరి నాలుగంకెలు చాలు.

నంబర్లన్నీ ఎడమ పక్కకి అతుక్కుని ఉన్నాయి, సమ్ కొడితే సున్నా వస్తోంది?

అవి నంబర్ల వేషంలో ఉన్న అక్షరాలు. మూలకి చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా కనిపించొచ్చు. కాలమ్ సెలెక్ట్ చేసి డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ నొక్కి వెంటనే ఫినిష్ కొట్టండి, చాలావరకు సరైపోతాయి. అయినా మొండికేస్తే వెబ్‌పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే కనపడని ఖాళీ ఉండి ఉంటుంది, దాని కోడ్ 160, ట్రిమ్ ఫంక్షన్‌కి అది లొంగదు, సబ్‌స్టిట్యూట్‌తోనే తీసెయ్యాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మైనస్‌ని చివర పెట్టి 1234- అని ఇస్తాయి, దానికి కూడా టెక్స్ట్ టు కాలమ్స్ చివరి స్టెప్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే టిక్ ఉంటుంది.

సెల్ నిండా ###### వచ్చింది, డేటా పోయిందా?

పోలేదు. కాలమ్ ఇరుకైంది. పైన కాలమ్ పేర్ల మధ్య ఉన్న గీత మీద డబుల్ క్లిక్ చెయ్యండి.

తేదీ ఉండాల్సిన చోట 45000 అని ఉంది?

ఎక్సెల్‌కి తేదీ అంటే 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించిన రోజుల సంఖ్య. 45000 అంటే 2023 మార్చి 15. డేట్ ఫార్మాట్ పెడితే మామూలైపోతుంది. దీనికంటే భయంకరమైంది 03-04-2025. మనకి ఏప్రిల్ 3, అమెరికా వాళ్ళకి మార్చి 4. బయటి దేశాలకి వెళ్ళే రిపోర్ట్ అయితే నెలని అక్షరాల్లో రాయండి, వాదనే ఉండదు.

జర్మనీ క్లయింట్ 1.234,56 అని పంపాడు. ఒకటా, వెయ్యా?

వెయ్యిన్నూట... కాదు, వెయ్యి రెండొందల ముప్ఫై నాలుగున్నర పైచిలుకు. వాళ్ళకి చుక్క వేలకి, కామా డెసిమల్‌కి, మనకి సరిగ్గా తిరగేసి. వాళ్ళ సీఎస్‌వీ ఫైళ్ళలో కాలమ్స్ మధ్య కామా బదులు సెమీకోలన్ ఉండేది కూడా అందుకే. పవర్ క్వెరీలో టైప్ మార్చేటప్పుడు యూజింగ్ లొకేల్ అని ఉంటుంది, జర్మన్ అని చెప్పండి, మిగతాది అది చూసుకుంటుంది. ఫైండ్ రీప్లేస్‌తో చుక్కలూ కామాలూ మార్చబోతే ఏదో ఒకటి రెండుసార్లు మారి అంతా గందరగోళం.

రూపాయి గుర్తు ప్రతి నంబర్ ముందూ పెట్టాలా?

వద్దు. హెడ్డింగ్‌లో ఒకసారి, లేకపోతే మొదటి వరసకీ టోటల్‌కీ. యాభై వరసలకి యాభై ₹ గుర్తులు పెడితే అంకెలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఈ గుర్తు 2010 జులైలో వచ్చింది, కాబట్టి ఇప్పటి ఫాంట్లలో దాదాపు అన్నిట్లో ఉంది, ఎప్పటిదో పాత ఫాంట్ వాడే ప్రింటర్లో మాత్రం డబ్బా పడుతుంది. కీబోర్డ్ ఇంగ్లిష్ ఇండియా పెట్టుకుంటే కంట్రోల్, ఆల్ట్, 4 కలిపి నొక్కితే వస్తుంది.

చార్ట్‌లో పక్కన సున్నాలు బారెడు వస్తున్నాయి, తగ్గించాలంటే?

యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ యాక్సిస్‌లో డిస్‌ప్లే యూనిట్స్ చూడండి. అందరూ అక్కడ థౌజండ్స్, మిలియన్స్ చూసి ఆగిపోతారు, కానీ ఆ లిస్ట్‌లోనే 100000 అనీ, 10000000 అనీ కూడా ఉంటాయి. అంటే మన లక్ష, మన కోటి! పేరు పెట్టలేదు అంతే, పాపం. అది ఎంచుకుంటే పక్కన లేబుల్ వస్తుంది, దాని మీద క్లిక్ చేసి "లక్షల్లో" అని మీరే రాసుకోండి.

పవర్ బీఐలో లక్షలు, కోట్లు ఎందుకు రావు?

డిస్‌ప్లే యూనిట్స్‌లో థౌజండ్, మిలియన్, బిలియన్, ట్రిలియన్ ఉంటాయి, మనవి లేవు. చాలామంది ఫార్మాట్ ఫంక్షన్ వాడి మెజర్‌నే (పవర్ బీఐలో లెక్క చేసే ఫార్ములా) "12.35 లక్షలు" అని మార్చేస్తారు, కార్డులో బాగానే కనిపిస్తుంది, కానీ అది ఇక నంబర్ కాదు, అక్షరాలు. చార్ట్‌లో పెడితే పనిచెయ్యదు, టేబుల్‌లో సార్టింగ్ పెడితే 9 లక్షలు 12 లక్షల కంటే పైకి వెళ్ళి కూర్చుంటుంది. 2023లో డైనమిక్ ఫార్మాట్ స్ట్రింగ్ అని మెజర్లకి వచ్చింది, విలువని బట్టి ఫార్మాట్ మాత్రమే మారుతుంది, నంబర్ నంబర్‌గానే ఉంటుంది. అది అలవాటు లేకపోతే లక్షతో భాగించిన వేరే మెజర్ చేసి దాని పేరులోనే "లక్షల్లో" అని పెట్టండి, అదే సులువు, అదే నేనూ చేస్తాను.

ఎక్సెల్‌లో బాగానే ఉంది, వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేస్తే కామాలన్నీ పోయి 1234567.8000000001 అని వస్తోంది?

మెయిల్ మెర్జ్ వేషాన్ని చూడదు, లోపలి మనిషినే పట్టుకొస్తుంది. ఎక్సెల్‌లోనే ఇంకో కాలమ్ పెట్టి టెక్స్ట్ ఫంక్షన్‌తో మీకు కావాల్సిన రూపంలోకి మార్చి, లెటర్‌లో ఆ కాలమ్‌ని వాడండి. రెండు సెల్స్‌ని ఆంపర్‌సాండ్‌తో కలిపి వాక్యం తయారుచేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, దానికీ ఇదే మందు. ఆ టెక్స్ట్ కాలమ్‌ని మాత్రం లెక్కల్లో వాడకండి, దానికి వేరే రంగు వేసి పక్కన పెట్టండి.

రిపోర్ట్ తెలుగులో చేస్తే అంకెలు కూడా ౧౨౩ అని పెట్టాలా?

ముచ్చటగా ఉంటుంది గానీ వద్దు. పేపర్లు, బస్సు నంబర్లు, బ్యాంకు పాస్‌బుక్కులు అన్నీ 123 లోనే ఉన్నాయి, తెలుగు అంకెలు చదవడం మన పిల్లలకే రాదు. పైగా ఎక్సెల్‌లో ౧౨౩ అని కొడితే అది అక్షరాలుగా తీసుకుని సమ్ సున్నా ఇవ్వొచ్చు. హెడ్డింగులు తెలుగులో పెట్టండి, అంకెలు మామూలువే ఉంచండి.

మా సార్ ప్రతి నెలా ఫార్మాట్ మార్చమంటారు, ఒక్కసారి చేస్తే అన్నిచోట్లా మారే దారి ఉందా?

ఉంది, హోమ్ ట్యాబ్‌లో సెల్ స్టైల్స్. "లక్షలు", "శాతం", "తేదీ" అని మూడు సొంత స్టైల్స్ చేసుకుని, షీట్ అంతా అవే వాడండి. సార్ వచ్చి ఒక డెసిమల్ చాలు అంటే ఆ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి మాడిఫై నొక్కి ఒక్క చోట మార్చండి, వర్క్‌బుక్‌లో ఆ స్టైల్ ఉన్న ప్రతి సెల్లూ మారిపోతుంది. మర్నాడు మళ్ళీ రెండే ఉంచు అంటారు, అప్పుడూ అర నిమిషమే.